నలుగురికే చోటు

ఆ ఆదివారం పొద్దున ఆమె ఏమీ వండలేదు. పెళ్ళైన పన్నెండేళ్ళలో ఇంత ధైర్యం ఎప్పుడూ చెయ్యలేదు. ఖాళీ డబ్బాలు ఎప్పటిలాగే సంచిలో సర్ది, జిప్పు లాగి, భుజాన వేసుకుని, భర్త, అత్తగారు, ఇద్దరు పిల్లలతో కారెక్కింది.

ఊరి చివరి చిత్తడి నేలల్లో కుటుంబాల కోసం ఈ నెల పెట్టిన నడకల్లో ఇది నాలుగోది, ఆఖరిది. రెల్లుగడ్డి మధ్య నీళ్ళ మీదికి కట్టిన చెక్కగదిలో కూర్చుని, సన్నటి కిటికీలోంచి పక్షుల్ని చూడాలి. లోపలికి తిండి తీసుకెళ్ళకూడదు, ఎలుకలు చేరతాయి. కాబట్టి తిండి మోసుకొచ్చిన మనిషి బయట బల్ల మీద కూర్చోవాలి. ఆ మనిషెవరో ఇంట్లో ఎవరూ చర్చించుకోలేదు. "కాసేపు కూర్చో, నీకూ రెస్టు," అని భర్త ఉదారంగా సెలవిచ్చాడు. "తనకి ఇలాంటివేం పట్టవులే," అని అత్తగారు వంత పాడింది. పోయిన వారం మాత్రం కూతురు పరుగెత్తుకుంటూ వచ్చి, "అమ్మా, నీళ్ళలో మునుగుడుకోడి పిల్లలు వాళ్ళమ్మ వీపెక్కి తిరుగుతున్నాయి!" అని చెప్పింది. ఇంకొన్నాళ్ళయితే దిగిపోతాయట. అదొక్కటి చూడాలని ఆమెకి పట్టుకుంది. వారమంతా అంట్లు తోముతున్నా, ఆఫీసులో ఫైళ్ళు తిరగేస్తున్నా అదే ధ్యాస. ఇంట్లో నా వీపెక్కిన వాళ్ళు చాలరా అని మధ్యమధ్య తనలో తనే నవ్వుకుంది కూడా.

గది గుమ్మం దగ్గర సంచి తెరిచి గైడమ్మాయికి చూపించింది. "తిండేం లేదు. నేనూ లోపలికొస్తాను."

"తేలేదా? మరి పిల్లలేం తింటారు?" భర్త మొహం మాడ్చుకున్నాడు.

"మతిమరుపు ఎక్కువైందిరా దీనికి," అంది అత్తగారు.

గైడమ్మాయి చేతిలో కాగితం చూసి నసిగింది. "మేడమ్, మీ కుటుంబం నుంచి నలుగురే ఉన్నారు లిస్టులో. లోపల ఇంకో చోటు లేదు."

"అవును, మొదట్లోనే నలుగురికి రాయించాను," అన్నాడు భర్త, ఇందులో వింతేముందన్నట్టు. "తనెలాగూ లోపలికి రాదు కదా. ఇదిగో, మా చెప్పులు చూస్తూండు."

అంటే మొదటి వారం నుంచీ ఇంతేనన్నమాట. తిండి వట్టి సాకు. ఇన్నాళ్ళూ పిచ్చిదానిలా ఎలుకల మీద కోపం పెట్టుకుంది. నాలుగు జతల చెప్పుల ముందు కూర్చుంది. లేచి పోదామంటే కారు తాళాలు ఆయన జేబులో ఉన్నాయి. పోయినా వెళ్ళేది ఆ వంటింట్లోకే. కళ్ళు భగభగ మండాయి గానీ ఏడవలేదు. ఏడిస్తే తలనొప్పా అని అడుగుతారు.

గంట తర్వాత కూతురు బయటికొచ్చింది. "పిల్లలు దిగిపోయాయమ్మా. వాటంతటవే ఈదుతున్నాయి."

ఆమె వంగి, చెప్పులు ఎవరివి వాళ్ళకి జరిపింది.

గైడమ్మాయి వచ్చే నెల నడకలకి కాగితాలు పంచుతోంది. భర్త నిలబడే "నలుగురు" అని రాసిచ్చేశాడు. ఆమె లేచి వెళ్ళి తనూ ఒక కాగితం అడిగింది.

"మీ పేరు కూడా వాళ్ళతో కలపమంటారా, మేడమ్?"

"వద్దమ్మా. వాళ్ళు రాని రోజు చూసి రాయి."