రెండు గీతల ధైర్యం

బుడ్డికి రెండేళ్ళు నిండినా నడక రాలేదు, మాట రాలేదు. రక్తపరీక్ష చేయిస్తే పుట్టుకతో వచ్చిన తేడా ఏమిటో తేలుతుందనీ, కావలసిన సాయం వెంటనే మొదలుపెట్టొచ్చనీ డాక్టరమ్మ ఎన్నిసార్లు చెప్పినా అమ్మ చెవిన పెట్టలేదు. అలాంటి పిల్లలకు అరచేతిలో అడ్డంగా ఒకటే గీత ఉంటుందని ఎవరో అన్నారట. బుడ్డి చేతిలో రెండున్నాయి. రోజూ స్నానం చేయించాక ఆ గుప్పిట విప్పి చూసుకుని, అమ్మ గుండె నిబ్బరం చేసుకునేది.

"నెత్తురు తియ్యనివ్వను. చేతి ముద్రలంటే సరే," అని చివరికి ఒప్పుకుంది.

ఆస్పత్రిలో ముద్రలు తీసే ఆవిడ గాజుపలక మీద సిరా పులిమి, సీసాకు కాగితం చుట్టింది. బుడ్డి అరచేతిని సిరాలో అద్ది ఆ సీసా మీద దొర్లించేసరికి ఆవిడకు చెమటలు పట్టాయి.

"అమ్మో, నీది ఉడుంపట్టే తల్లీ!"

అమ్మ కాగితం లాక్కున్నంత పని చేసింది. "చూడండి, రెండు గీతలు!"

ఆవిడ గీతల వంక చూడనైనా లేదు. వేళ్ళ మీది సుడులు చూసుకుంటూ, "ఇంట్లోవాళ్ళవీ కావాలి. అక్కగారూ, మీ చెయ్యి ఇలా ఇవ్వండి," అంది పక్కనే నిలబడ్డ పెద్దకూతురితో.

పెద్దది చెయ్యి వెనక్కి పెట్టుకుంది. దాని కుడి అరచేతిలో ఉన్నది ఒకటే గీత. చెల్లెలి తేడా తనకూ ఉందంటారేమోనని భయం. అంతకన్నా పెద్ద భయం ఇంకోటి. బడిలో చక్కగా చదువుకుంటున్న తనకే ఆ గీత ఉందంటే, గీతలకు అర్థమేమీ లేదని తేలి, అమ్మ పట్టుకుని వేలాడుతున్న ఆశ కాస్తా తెగిపోతుంది.

"ఏం, గుప్పిట్లో బంగారం దాచావా?"

"దానికి సిగ్గులెండి," అంది అమ్మ.

బుడ్డి బల్లకాలు పట్టుకుని లేవబోయి, కాళ్ళు నిలవక కూలబడింది. పెద్దది అది చూసి, గబుక్కున ముద్రలావిడ ముందు చెయ్యి చాపింది.

కాగితం మీద నల్లటి అరచెయ్యి పడింది. దానికి అడ్డంగా తెల్లగా ఒకటే గీత.

అమ్మ మొహం పాలిపోయింది. "ఇదేమిటే? ఎప్పట్నుంచి?"

"పుట్టినప్పట్నుంచేనమ్మా. నువ్వెప్పుడూ చూళ్ళేదు."

"కంగారుపడకండమ్మా," అంది ముద్రలావిడ. "ఏ తేడా లేనివాళ్ళలోనూ కొందరికి ఇది ఉంటుంది. తేడా ఉన్న పిల్లల్లో చాలామందికి ఉండదు. గీత చూసి మేం ఏదీ తేల్చం. రక్తమే చెప్పాలి."

"మరి బుడ్డికి రెండున్నాయిగా?"

"దాన్నిబట్టి ఏమీ చెప్పలేమమ్మా."

అమ్మ పెద్దదాన్ని కుళాయి దగ్గరకు తీసుకెళ్ళి, సబ్బు పెట్టి చేతి సిరా కడిగింది.

"ఇన్నాళ్ళూ ఒక్కదానివే భయపడ్డావుటే?"

పెద్దది తలూపింది.

రక్తం తీసే గది ముందు ముగ్గురూ కూర్చున్నారు. ఇంకా పిలుపు రాకముందే అమ్మ బుడ్డి గౌను చెయ్యి పైకి మడిచింది.