యోబు మేస్త్రీ

కడుపుమంట అని ఊరికే అంటాం గానీ, రూబెన్ సారుకు నిజంగానే కడుపులో మండింది. ప్రొద్దుటూరులో పిల్లలకు చరిత్ర చెప్పేది తను. తన ఊరి చరిత్ర రాసింది మాత్రం పులివెందుల గుమాస్తా విష్ణువర్ధన్! ఎవరైనా రాయొచ్చు, ఎవరైనా దిద్దొచ్చు అనే ఇంటర్నెట్ విజ్ఞాన సర్వస్వంలో, పెద్దముడియం పక్కనున్న ఆ పల్లెకు ఒక పేజీ పెట్టాడు. చదివినవాళ్లంతా భలే రాశాడన్నారు.

అది చాలదన్నట్టు తల్లి సుబ్బమ్మ ఫోనులో ఎప్పుడూ అదే పాట. "ఆ పిల్లోడు శానా మంచోడప్పా! మా నాయన గుడి కట్టిన సంగతంతా అడిగి రాసుకునిపాయె."

ఆ ఊరి క్రైస్తవులకు గుడి అంటే చర్చే. దాన్ని కట్టిన మేస్త్రీ సుబ్బమ్మ తండ్రి యోబు. తన తాత గురించి ఎవడో రాయడమేమిటి, కన్నతల్లి మురిసిపోవడమేమిటి!

ఒక సాయంత్రం రూబెన్ తన పేరు తెలియకుండా ఆ పేజీ తెరిచి, 'యోబు'ను 'ఓబు' చేశాడు. మార్చింది ఒక్క అక్షరమే. విష్ణువర్ధన్ బైబిలు పేరు కూడా తెలియనివాడని ఊరంతా నవ్వుతుంది, అమ్మే వాడికి గడ్డి పెడుతుంది అనుకున్నాడు. ఆ పూట అన్నం హాయిగా దిగింది.

ఎవరూ నవ్వలేదు. ఆ వైపు హిందువుల్లో ఓబులేసులు వీధికొకడు. ఎవరో పుణ్యాత్ముడు సగం పేరే ఉందనుకుని 'ఓబులేసు' అని పూర్తి చేశాడు. జమ్మలమడుగు విలేకరి ఒకాయన అది చూసి, 'చర్చి కట్టిన ఓబులేసు, మతసామరస్యానికి మచ్చుతునక' అని చర్చి ఫొటోతో సహా పేపర్లో వేశాడు.

అది చూసిన రూబెన్ గబగబా 'యోబు' అని దిద్దాడు. ఎవరో మళ్లీ 'ఓబులేసు' చేసి, ఆధారంగా ఆ పేపరునే చూపించారు. మీ ఆధారమేమిటని ఇతన్ని అడిగారు. 'ఆయన మా తాత' అని రాశాడు. అది చెల్లదన్నారు.

ఆదివారం ఊరికి పోయాడు. సుబ్బమ్మ ఒళ్లో పేపరు పెట్టుకుని కూర్చుంది.

"మా నాయన పేరు ఓబులేసంట గదరా."

"కాదుమా, యోబు! అది తప్పు."

"తప్పెట్లయితాది? పేపర్లో ఉండాది. ఆ పిల్లోనికి ఫోన్ చేస్తి. 'పేపరోళ్లు విచారించే వేసింటారవ్వా, నేనే సరిగ్గా వినలేదేమో' అనె. నాకే మతి తప్పినట్టుండాది."

కన్నతండ్రి పేరు మీద ఆమెకే అనుమానం వచ్చింది. ఆ అక్షరం మార్చింది నేనే అన్న మాట రూబెన్ నోటిదాకా వచ్చింది. మింగేశాడు.

"నేను చెప్తాండా గదుమా, తాత పేరు యోబేనని."

సుబ్బమ్మ అతని వైపు వింతగా చూసింది.

"నీకెట్ల తెలుసురా? నువ్వెప్పుడన్నా మా నాయన గురించి అడిగినావా?"