మాట్లాడని పిల్లకు వచ్చిన నల్లా

శుక్రవారం సాయంత్రం లోపల అర్జీ పడకపోతే మా ఇంటికి నల్లా రాదు. గల్లీలో తవ్వి పైపులు వేశారు, శనివారం వాటి మీద సిమెంటు పోసేస్తారట. అందుకే ఆ శుక్రవారం మా శివవ్వ సాయంత్రం బేరం మానుకుని, నన్ను వెంటబెట్టుకుని నాందేడ్ నల్లాల ఆఫీసుకు బయలుదేరింది.

ఏడో కిటికీ పైన బోర్డు ఉంది: 'తెలుగువారికి సహాయం'. అది మరాఠీలో రాసి ఉంది. ప్రారంభం నాడు వేసిన బంతిపూల దండ ఎండిపోయి వేలాడుతోంది.

"సారూ, నల్లా గావాలె. కాయిదాలన్నీ తెచ్చిన," అంది అవ్వ.

కిటికీలో ఉన్న సూర్యకాంత్ సార్‌కు తెలుగు రాదు. తెలుగు వచ్చిన గుమాస్తా సెలవులో ఉన్నాడని, సోమవారం రమ్మని మరాఠీలో చెప్పాడు.

అవ్వకు కోపం వచ్చింది. మార్కెట్లో ఇరవై ఏళ్లుగా మెంతికూర అమ్ముతోంది. ఆమె బేరం తెలుగులో, తిట్లు మరాఠీలో. నాలుక దానంతటదే తిరుగుతుంది. సోమవారం దాకా సిమెంటు ఆగుతుందా, నీ ఇంట్లో నల్లా లేకపోతే తెలిసేది అని గుక్క తిప్పుకోకుండా మరాఠీలో దులిపేసింది.

సార్ ముఖం వెలిగిపోయింది. "అయితే మీకు మరాఠీ వచ్చు! ఈ కిటికీ మీకు కాదు. నాలుగో దానికి వెళ్లండి."

నాలుగో కిటికీ ముందు వరస గేటు దాటి రోడ్డు మీదికి వచ్చింది. గడియారంలో నాలుగున్నర. ఐదుకు మూసేస్తారు.

"నా నోరే నాకు దుష్మన్ అయింది బిడ్డా," అని అవ్వ అక్కడే కూలబడింది.

అప్పుడు సార్ నన్ను చూశాడు. "ఈ పిల్లకు మరాఠీ వస్తుందా?"

నేను మా ఊరు మర్ఖేల్‌లో పది తరగతులూ మరాఠీ బడిలోనే చదివాను. కానీ కొత్తవాళ్ల ముందు నాకు ఏ భాషా రాదు. కాలి బొటనవేలు చూస్తూ నిలబడ్డాను.

"బొత్తిగా రాదు!" అన్నాడు సార్ సంబరంగా. వెంట వచ్చినవారికి మరాఠీ రాకపోయినా చాలని నియమం ఉందట. కిటికీ తెరిచి పదిరోజులైనా రిజిస్టరులో ఒక్క పేరూ లేదు. మరాఠీ రాని తెలుగువాళ్లు మా నాందేడ్‌లో అంత తేలిగ్గా దొరకరు మరి.

సార్ ఫారం నా ముందుకు తోశాడు. మొత్తం మరాఠీలోనే ఉంది. నేను కూర్చుని మరాఠీలోనే నింపాను.

"అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయి," అని మెచ్చుకుని ముద్ర వేశాడు. తరువాత రిజిస్టరులో మొదటి పేరు పడిందని నాతో ఫొటో దిగాడు.

బయటికి వచ్చాక అవ్వ నా తల నిమిరింది. "నోట్ల బెల్లం పెట్టుకున్నవా అని రోజూ తిడుతుంటి. ఇగ తిట్టనే బిడ్డా."

శనివారం సిమెంటు పోయకముందే మా గడప దాకా పైపు వచ్చింది. అవ్వ మొదటి బిందె నింపుతుండగా పక్కింటి ఇందుబాయి వచ్చింది.

"ప్రతీక్షా, నల్లా బిల్లు పనుంది, సోమారం మాతోని ఆఫీసుకు రావే. నువ్వేం మాట్లాడకు, గంతే చాలు."

నేను ఏమీ మాట్లాడకుండా తల ఊపాను.