ఏడో భాగం విన్నవాడు

మా ఆఫీసు ఏసీ చల్లగాలి ఇవ్వదు, నీళ్లు ఇస్తుంది. వేసవి వస్తే ట్యాంకర్ కోసం ఇరుగుపొరుగులు మాట్లాడుకోవడం మానేసే ఫిల్మ్‌నగర్‌లో, నీళ్లిచ్చే వస్తువు మీద ఎవరు ఫిర్యాదు చేస్తారు? కింద ఒక ఎర్ర బకెట్ పెట్టాం. మూడేళ్లుగా ఆ టప్ టప్ మధ్యనే కథలు వింటున్నాం.

కథలు వినడమే నా ఉద్యోగం. సినిమావాళ్లు కథ చదవరు. ఎవరైనా ఎదురుగా కూర్చుని చెప్పాలి. మా నిర్మాత సత్యనారాయణమూర్తి గారి కంటే ముందు నేను వినాలి. ఇరవై రెండేళ్ల అనుభవంతో చెబుతున్నాను, కళ్లు తెరుచుకుని, నిమిషానికోసారి తలూపుతూ, మధ్యమధ్య "అరె!" అంటూ, ఒక్క ముక్క కూడా వినకుండా ఉండటం ఒక విద్య. అందులో ఈ కమలాకర్‌ని, అంటే నన్ను, మించినవాడు ఈ కొండ మీద లేడు.

జాయ్స్ మేడమ్ మా దగ్గర డైలాగులు టైపు చేసేవారు. నలభై ఆరేళ్లు. నూలు చీర, అరిగిపోయిన చెప్పులు, బొటనవేలికి ఎప్పుడూ నీలం సిరా మరక. మొన్న గురువారం కూడా రోజూలాగే శ్రీనగర్ కాలనీ నుంచి వచ్చి, మెట్ల దగ్గర ఒక నిమిషం ఆయాసం తీర్చుకుని, కుర్చీలో కూర్చుని, హీరో విలన్‌ని బెదిరించే సీను నాలుగోసారి టైపు చేశారు. మధ్యాహ్నం నిమ్మకాయ పులిహోర తిని, డబ్బా కడిగి బోర్లించారు.

సిరా మరక మాత్రం ఆఫీసుది కాదు, 'బండల దేశం'ది. హైస్కూలు పిల్లల కోసం ఆమె రాసిన నవలలు, ఆరు భాగాలు. జూబ్లీహిల్స్ బండలన్నీ నిద్రపోతున్న జంతువులు. తుంపర అనే పద్నాలుగేళ్ల పిల్ల అరచెయ్యి ఆనిస్తే లేస్తాయి. ఆరో భాగం చివర తుంపర తమ్ముడు ఆఖరి బండలో చిక్కుకుపోయాడు. బండ లేస్తే తమ్ముడు బయటికొస్తాడు, కానీ దాని మీదున్న బస్తీ కూలిపోతుంది. నాలుగేళ్లుగా పిల్లలంతా అక్కడే నిలబడి ఉన్నారు. తొమ్మిదో తరగతిలో మొదలుపెట్టినవాళ్లు ఇంజినీరింగ్‌లో చేరిపోయారు.

పెద్దవాళ్ల అభిప్రాయాలు వేరు. బంధువులు "ఎప్పుడూ పిల్లల కథలేనా? అసలు పుస్తకం ఎప్పుడు రాస్తావు?" అనేవారు. చర్చిలో ఒకావిడ "దయ్యాలున్నాయా అందులో?" అని అడిగితే, "లేవండీ, బండలే," అన్నారట. అపార్ట్‌మెంట్‌లో అందరూ అడిగి మరీ ఉచిత కాపీలు తీసుకున్నారు. ఒకరింట్లో మూడో భాగం ఫ్రిజ్ కాలు కింద కనిపించింది. "నాలుగో భాగం ఇంకొంచెం లావండీ, సరిగ్గా సరిపోయేది," అని చెప్పి వచ్చారు మేడమ్. మూర్తి గారైతే కథంతా మెచ్చుకుని, "బండలు తీసేసి బైకులు పెడదామమ్మా," అన్నారు.

ఆమె పద్ధతి ఒకటుంది. నోటితో చెప్పందే కలం పట్టరు. ఆరు భాగాలూ ముందు వాళ్లమ్మ మార్తమ్మ గారికి చెప్పారు. ఆవిడ నిర్మొహమాటంగా "ఇక్కడ నాకు నిద్రొచ్చిందే" అనేవారు. ఈవిడ అక్కడ కొట్టేసేవారు. కిందటేడు మార్తమ్మ గారు పోయారు. ఏడో భాగానికి వినేవాళ్లు లేకుండా పోయారు.

గురువారం నాలుగింటికి మేడమ్ నా ముందు కూర్చున్నారు.

"కమలాకర్ గారూ, ఇంకో గంట పని లేదు కదండీ? ముగింపు చెబుతాను. నిద్రొస్తే వచ్చిందని చెప్పేయండి. అమ్మలాగా. అబద్ధం మాత్రం చెప్పొద్దు."

"ఫికర్ చెయ్యకుండ్రి మేడమ్. వినుడే నా డ్యూటీ."

బకెట్ చప్పుడు కథకి అడ్డమనిపించిందేమో, లేచి తన నీలం గళ్ల చేతిరుమాలు బకెట్ మీద పరిచి, కొసలు పిడికి ముడేశారు. టప్ టప్ ఆగిపోయింది.

తుంపర ఆఖరి బండ మీద అరచెయ్యి పెట్టింది. అంతవరకు విన్నాను, ఒట్టు. కానీ మూడేళ్ల అలవాటైన చప్పుడు ఆగేసరికి బుర్ర ఖాళీ అయింది. ఆ ఖాళీలోకి పొద్దున ఇంట్లో మోటారు ఆపానా లేదా అన్న ప్రశ్న దూరింది. ట్యాంకు పొంగితే, నీళ్లు వృథా చేశాడని మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో నా ఫొటో పెడతారు. నేను తలూపుతూనే ఉన్నాను. "అరె!" అని కూడా అన్నాను.

"అంతే అండీ," అన్నారు మేడమ్. కళ్లు తడిగా ఉన్నాయి.

"జబర్దస్త్ ఉంది మేడమ్. ఏడుపొచ్చింది."

"ఎక్కడొచ్చిందండీ?"

"లాస్ట్‌ల," అన్నాను.

ఆమె నా కళ్లలోకి చూశారు. తర్వాత నవ్వారు. "నాక్కూడా అక్కడేనండీ. అయితే రేపట్నుంచి రాస్తాను."

డబ్బా సంచిలో పెట్టుకుని వెళ్లిపోయారు. రుమాలు మరిచిపోయారు. ఇంటికెళ్లి చూస్తే, మోటారు ఆపే ఉంది.

శుక్రవారం పొద్దున ఆమె తమ్ముడు ఆండ్రూ ఫోన్ చేశాడు. "అక్క లేవలేదండీ," అన్నాడు. పడుకున్న మనిషి పడుకున్నట్టే ఉందట. బల్ల మీద కొత్త నోటుబుక్కు, పేజీ పైన 'ఏడో భాగం' అని ఉందట. కింద ఏమీ లేదట.

ఆ సాయంత్రమే సమాధుల తోటలో, మేడమ్ పుస్తకాల ఎడిటర్ సాయిసుధ నా చేయి పట్టుకుంది. "నిన్న సాయంత్రం మెసేజ్ పెట్టిందండీ. ముగింపు కమలాకర్ గారు విన్నారు, ఒక్క చోట కూడా నిద్ర రాలేదట అని. దేవుడిలా మీరున్నారు."

పక్కనే టోలిచౌకి నుంచి తల్లితో వచ్చిన పూజిత అనే పిల్ల, పదమూడేళ్లుంటాయి, అట్ట వేసిన ఆరో భాగం గుండెకి హత్తుకుని నిలబడింది.

"అంకుల్, తుంపర తమ్ముడు బయటికొస్తడా?"

"జబర్దస్త్ ఉంటది బిడ్డా." ఇరవై రెండేళ్ల అలవాటు, దానంతట అదే వచ్చేసింది.

"బాగుంటదా అని అడుగలే అంకుల్. వస్తడా అని అడిగిన."

ఆదివారం చెబుతానన్నాను. ఇవాళ శనివారం. అయ్యా, అమ్మా, ఇది చదువుతున్న మీలో ఎవరైనా చెప్పండి. వినలేదని ఒప్పుకోవాలా? తమ్ముణ్ణి నేనే బయటికి తియ్యాలా? తీస్తే బస్తీలో జనం ఏమవుతారు? మీ కాళ్లు పట్టుకుంటాను, ఒక్క సలహా ఇవ్వండి.

ఏసీ బాగుచేసేవాడు మళ్లీ రేపొస్తానన్నాడు. నీలం గళ్ల రుమాలు ఇంకా బకెట్ మీదే ఉంది, చుక్కలు దాని మీద చప్పుడు లేకుండా పడుతున్నాయి.