చప్పిడి టీ

"నిన్న కుడివైపు పొడిచావు. ఇవాళ ఎడమవైపు," అంది భార్య, పొట్ట మీది గుడ్డ పక్కకి జరుపుకుని.

అతను మందు సీసాను అరచేతుల మధ్య మెల్లగా దొర్లించాడు. సూదిలోకి మందు లాగి, వేలితో తట్టి బుడగ పోగొట్టి, చర్మాన్ని చిటికెడు పట్టుకుని గుచ్చాడు. మొదట్లో చేతులు వణికేవి, ఆమే ధైర్యం చెప్పేది. ఇప్పుడు చొక్కా గుండీ పెట్టుకున్నంత తేలిగ్గా చేస్తాడు.

"నీకు గుర్తుండదు గానీ నా పొట్టకి గుర్తుంటుందిలే," అని నవ్వి, ఆమె పీట మీద కూర్చునే అతనికి తినడానికి పెట్టింది. షుగరు ముదిరి కుడికాలు మోకాలి కింద తీసేశాక ఆ ఇంట్లో పొయ్యి గట్టు దిగి నేల మీదికి వచ్చింది. గిన్నెలూ డబ్బాలూ ఆమె చేతికందే ఎత్తుకి దిగాయి. ఇంటి పెత్తనం మాత్రం ఎక్కడున్నది అక్కడే ఉంది.

అతను పనిచేసేది హోటళ్ళ దుప్పట్లు ఉతికి ఇస్త్రీ చేసే కంపెనీలో. పొద్దుటి నుంచి ఆవిరి. తడి దుప్పటి అంచు పట్టుకుని వేడి రోలరు నోటికి అందించాలి, అవతల ఎండి బయటికి వచ్చినదాన్ని మడత పెట్టాలి. ముంజేతుల మీద వెంట్రుకలు ఎప్పుడో కాలిపోయాయి. అక్కడ అతని అసలు పేరు జీతమిచ్చేవాళ్ళకి తప్ప ఎవరికీ గుర్తు లేదు. అందరికీ అతను చప్పిడాయన.

ఆ పేరు ఊరికే రాలేదు. ఇంట్లో ఫ్రిజ్ లేదు. వాడుతున్న సీసా ఇంట్లో చల్లటి మూల ఉన్నా, మిగతావి కంపెనీ టీ గదిలోని ఫ్రిజ్‌లో దాచుకుంటాడు. చేరిన కొత్తలో టీ అక్క ఆ సీసాలు చూసి, "ఎవరికి తమ్ముడూ?" అని అడిగింది. అంతకుముందు పనిచేసిన చోట అతను భార్యకని, ఆమె కాలు తీసేశారని నిజమే చెప్పాడు. వారం తిరక్కుండా అక్కడ అతని పేరు కుంటిదాని మొగుడు అయి కూర్చుంది. అది చెవిలో పడినప్పుడల్లా అతనికి కోపం రావాలి. వచ్చింది సిగ్గు. అందుకే టీ అక్క అడగ్గానే, "నాకే" అనేశాడు.

ఆ ఒక్క మాటకే టీ అక్క ఆనాటి నుంచీ అతనికి విడిగా, చక్కెర లేకుండా టీ కాస్తోంది. ఎవరి పుట్టినరోజుకి మిఠాయి పంచినా అతని ముందు నుంచి పళ్ళెం ఎగిరిపోతుంది. తీపంటే చెవి కోసుకునే మనిషి! సాయంత్రం రెండు వీధులు చుట్టు తిరిగి, తెలిసినవాళ్ళు లేని కొట్లో తీపి బన్ను కొని, గోడవైపు తిరిగి దొంగలా తినేవాడు. ఇంటికెళ్ళేముందు మూతి రెండుసార్లు తుడుచుకునేవాడు.

ఆ రోజు టీ అక్కకి కంపెనీలో ఆఖరి రోజు. మోకాళ్ళు సహకరించడం లేదని కూతురి దగ్గరికి వెళ్ళిపోతోంది. మిఠాయి పెట్టె వరసగా వస్తుంటే సూపర్‌వైజరు, "చప్పిడాయనకి దూరంగా పట్టుకోండ్రా, వాసనకే షుగరెక్కుతుంది!" అన్నాడు. అందరితో పాటు అతనూ నవ్వాడు. ఆ హడావిడిలో ఫ్రిజ్‌లోని సీసా తెచ్చుకోవడం మరిచిపోయాడు.

సాయంత్రం, ఇంట్లో మిగిలిన కాస్త మందూ సూదిలోకి లాగి పట్టుకున్నాడో లేదో తలుపు చప్పుడైంది. తీస్తే టీ అక్క. రొప్పుతోంది. చంకలో సంచి, చేతిలో తడిగుడ్డ చుట్టిన సీసా.

"ప్రాణం లాంటి మందు మరిచిపోతావా తమ్ముడూ? ఆఫీసులో అడ్రసడిగి వచ్చాను. మెట్లెక్కేసరికి నా పనయిపోయింది," అంటూ లోపలికి వచ్చింది.

అతను చేసిన మొదటి పని రెండడుగులు వెనక్కి వేసి గోడకి ఆనించిన చంకకర్రకి అడ్డంగా నిలబడటం. మంచం మీద కూర్చున్న భార్య అది చూసింది.

"రండి వదినా, కూర్చోండి."

టీ అక్క కళ్ళు అతని చేతిలో సూది మీద పడ్డాయి. "కానీ తమ్ముడూ, పొడుచుకో. నా ముందు సిగ్గేమిటి?"

అతని చేయి గాలిలో ఆగిపోయింది. భార్య అతని మొహం చూసింది, సూదిని చూసింది. తర్వాత కాళ్ళ మీదికి దుప్పటి లాక్కుంది.

"ఆయన పొడుచుకోవడమా? సూదంటే ఒణుకు. నేనే వెయ్యాలి. అదీ పరాయివాళ్ళ ముందు చొక్కా ఎత్తడు," అంది. "నడుం పట్టేసింది వదినా, లేవలేకపోతున్నాను. ఏమనుకోకండి."

"పాపం, ఇన్నాళ్ళూ ఈ మనిషిని కాచుకొచ్చావు," అంటూ టీ అక్క సంచిలోంచి మిఠాయి తీసింది. "వాడికెలాగూ రాసిపెట్టి లేదు. నీకోసమే దాచాను. నా ఎదురుగా తినాలి మరి."

భార్య అతనివైపు చూసింది. ఒక్క మాట చాలు. అతను చేతిలో సూదికి మూత పెట్టాడు. ఆమె మిఠాయి నోట్లో పెట్టుకుని నెమ్మదిగా నమిలింది. టీ అక్క మురిసిపోయి రెండోది చేతిలో పెట్టింది.

"మంచినీళ్ళు కావాలా?" అన్నాడు అతను.

ఆమె రెండోదీ తినేసింది.

వెళ్ళే ముందు టీ అక్క సంచిలోంచి చిన్న గిన్నె తీసి పొయ్యి పక్కన పెట్టింది. "వాడి టీ కాచే గిన్నె. కొత్తగా వచ్చే ఆవిడ ఇందులోనే చక్కెర టీ కూడా కాచేస్తుందని అడిగి తెచ్చుకున్నాను. ఇక నువ్వే కాచిపెట్టు మరదలా."

అతను మెట్ల దాకా సాగనంపాడు. ఆమె సగం దిగాక పిలిచాడు. "అక్కా!"

"ఏం తమ్ముడూ?"

"చూసి దిగు."

ఆమె చెయ్యూపి, వీధి మలుపు తిరిగి వెళ్ళిపోయింది.

అతను లోపలికి వచ్చేసరికి భార్య దుప్పటి తీసేసి ఉంది. అతను ఆమె వేలు గుచ్చి చూశాడు. మిషను మీద అంకె బాగా పెరిగి ఉంది. మందుల షాపాయన చేత డాక్టరుకి ఫోను చేయించి, చెప్పినంత మందు కొత్త సీసాలోంచి కూడా తీసి వేశాడు.

"నా జబ్బు నీదని చెప్పుకున్నావు. పోన్లే," అంది ఆమె. "మరి నన్నెక్కడ పెట్టావు?"

పాత చోట తనని ఏమనేవాళ్ళో చెబుదామనుకున్నాడు. ఆ మాట ఆమె ముందు అనడానికి నోరు రాలేదు. సీసా తీసి చల్లటి మూల పెట్టాడు. ఆమె గోడవైపు తిరిగి పడుకుంది.

పొయ్యి పక్కన టీ అక్క వదిలి వెళ్ళిన గిన్నె ఉంది. అడుగంతా మసి, లోపల చక్కెర పలుకు ఎరగని తెల్లటి మెరుపు.