అక్క గొంతు రాని కొట్టు

పొద్దున ఆ ఆఫీసు తెరవగానే ముందు లైట్లు వెలిగేవి, తర్వాత టీ వచ్చేది, ఆ తర్వాత కొట్ల గొంతులు మొదలయ్యేవి. కంపెనీకి ఊరంతా ఉన్న కొట్లలో ముందురోజు ఏమేం అమ్ముడుపోయాయో కంప్యూటర్లోకి తెచ్చుకోవడం అక్కడివాళ్ల పని. ప్రతి బిల్లుతో పాటు, అది కొట్టేటప్పుడు కౌంటర్ దగ్గర ఎవరేం మాట్లాడుకున్నారో అదీ వచ్చేసేది. "ఈ సబ్బు నురగ రాదండీ, అది తీసుకోండి." "మా ఆయన చూస్తే గొడవ చేస్తాడు, దీన్ని అడుగున పెట్టు." ఎవరి హెడ్‌ఫోన్లు వాళ్లు పెట్టుకుని పని చేసుకుపోయేవారు. టీ తెచ్చే ఆయన మాత్రం, హెడ్‌ఫోన్లలోంచి బయటికొచ్చే బొమ్మల కొట్టు పిల్లల ఏడుపులు వినలేక చస్తున్నాను, కాస్త సౌండు తగ్గించండి బాబూ అని విసుక్కునేవాడు.

కిటికీ పక్కన కూర్చునే అమ్మాయి నెల రోజులుగా సౌండు పూర్తిగా ఆపేసింది. ఆమెకి అప్పగించింది ఒకే ఒక్క కొట్టు. కంపెనీ కొత్తగా కొన్నది, బస్టాండు పక్కన చిన్నది. దాని అమ్మకాలు రోజూ తెచ్చి చూపించాలి. బాగుంటే ఉంచుతారు, లేకపోతే మూసేస్తారు. ఆ కొట్లో కౌంటర్ దగ్గర నిలబడేది ఆమె సొంత అక్క. అమ్మానాన్నా పోయాక ఆ అక్కే అలా నిలబడి నిలబడి చెల్లెల్ని చదివించింది. ఇప్పుడు ఆ చదువే అక్క పొట్ట కొట్టేలా ఉంది. అక్కకి చెప్పడానికి నోరు రాలేదు, ఆమె గొంతు వినడానికి ధైర్యమూ చాల్లేదు.

పని కష్టమైందేం కాదు. కొట్టు లెక్కలు ఉండే చోటికి ఏపీఐ అని ఒక దారి ఉంటుంది. ఆ దారిన వెళ్లి ఏం అడగాలో, ఎలా అడగాలో తెలిసిన కోడు ఎవరో ముందే రాసిపెట్టారు. దాన్ని లైబ్రరీ అంటారు, పుస్తకాలేం ఉండవు. దాన్ని తెచ్చుకుని, 'నిన్నటి బిల్లులివ్వు' అంటే బుద్ధిగా ఇస్తుంది. ఇచ్చింది కూడా. కాకపోతే రోజూ అమ్మకాల మొత్తం మరీ తక్కువగా ఉండేది.

నెలాఖరున మేనేజర్ ఆమె బల్ల దగ్గరికి వచ్చాడు.

"మధ్యాహ్నానికి రిపోర్టు పంపించెయ్యమ్మా. ఆ కొట్టుతో లాభం లేదనిపిస్తోంది."

"పంపిస్తాను సార్."

అక్క సంగతి ఆయనకి తెలియదు. చెబితే సిఫార్సు అనుకుంటాడేమోనని ఆమె ఎప్పుడూ ఆ మాట ఎత్తలేదు.

అంతా సిద్ధం చేశాక, పంపేముందు ఒక్కసారి అక్క గొంతు వినాలనిపించింది. సౌండు పెంచింది. పాల ప్యాకెట్లు, రొట్టెలు, పేపర్లు. పొద్దుటి కౌంటర్ అతని దగ్గు. "చిల్లర లేదా మాస్టారూ?" చివరి బిల్లు దాకా వింది. అక్క లేదు. మొన్నటివి వింది. అటుమొన్నటివీ వింది. ఎక్కడా లేదు. అక్క మధ్యాహ్నం డ్యూటీ ఎక్కితే షట్టర్ దించేదాకా ఉంటుంది. ఇల్లు చేరేసరికి గొంతు బొంగురుపోయి ఉంటుంది. మరి ఆ మాటలన్నీ ఏమైనట్టు?

లైబ్రరీతో వచ్చిన సూచనలు మళ్లీ తెరిచింది. బిల్లులు ఎక్కువుంటే అన్నీ ఒకేసారి ఇవ్వనని, ఒక పేజీ ఇస్తానని, మిగతావి కావాలంటే మళ్లీ అడగమని మొదట్లోనే రాసుంది. ఆమె ఒక్కనాడూ మళ్లీ అడగలేదు. ఇచ్చింది పుచ్చుకుని వచ్చేసింది. సిగ్గుతో చెవులు వేడెక్కాయి. గబగబా రెండు లైన్లు చేర్చి, మళ్లీ అడిగింది.

ఈసారి నిన్నటి సాయంత్రమంతా వచ్చేసింది. బస్సులు దిగిన జనం, ఫ్యాక్టరీ వదిలాక వచ్చినవాళ్లు, ఒకరి మీద ఒకరు మాట్లాడేస్తున్న గొంతులు, వాటి మధ్య అక్క. "ఆ బిస్కెట్లు మెత్తబడ్డాయండీ, ఇవి తీసుకెళ్లండి." "మోకాళ్లెలా ఉన్నాయి పెద్దమ్మా?"

"నా మోకాళ్ల సంగతికేం గానీ, కొట్టు మూసేస్తారటగా తల్లీ?" అంది ఆ ముసలావిడ.

"అనుకుంటున్నారు పెద్దమ్మా. లెక్కలు తీసేది మా చెల్లెలే. నాకు తెలుసన్న సంగతి దానికి తెలియదు. తెలిస్తే ఆ ఉద్యోగం మానేసి కూర్చుంటుంది, మొండిఘటం. మీరెక్కడా అనకండి."

చెల్లెలు హెడ్‌ఫోన్లు తీసేసి, బల్ల మీద తల పెట్టుకుని ఏడ్చింది. పక్క బల్లావిడ మంచినీళ్ల సీసా ఇటు జరిపి, మళ్లీ తన పనిలో పడింది.

కొత్త లెక్క చూసి మేనేజర్ కళ్లద్దాలు సర్దుకున్నాడు. "ఇదేంటమ్మా, పొద్దుటికీ ఇప్పటికీ ఇంత తేడా?"

"తప్పు నాదే సార్. మొదటి పేజీ దగ్గరే ఆగిపోయాను."

"నయం, మూసేశాక చెప్పావు కాదు," అని ఆయన మూసేసే కొట్లలోంచి దాన్ని తీసేశాడు.

ఆ సాయంత్రం చెల్లెలు తిన్నగా కొట్టుకి వెళ్లింది. చేతికందిన సబ్బు ఒకటి తీసుకుని క్యూలో నిలబడింది. ఆమె వంతు వచ్చింది.

"సంచీ కావాలా అండీ?" అంది అక్క తలెత్తకుండానే.

"కొట్టు మూయరక్కా."

అక్క చెయ్యి సబ్బు మీద ఆగిపోయింది. చెల్లెలి మొహం చూసింది, తను దాచింది కూడా బయటపడిపోయిందని అర్థమైంది.

"ఈ బిల్లు కూడా రేపు మీ ఆఫీసులో వినిపిస్తుందా?"

"వినిపిస్తుంది."

"అయితే నేనేం మాట్లాడను," అని చెల్లెలి చెయ్యి గట్టిగా పట్టుకుంది.

మర్నాడు పొద్దున ఆ కొట్టు బిల్లులు వరసగా వస్తూ వస్తూ ఒక సబ్బు దగ్గరికి వచ్చాయి. ఎవరో ముక్కు ఎగబీల్చిన చప్పుడు. క్యూలో వెనక నుంచి ఒక మగ గొంతు, "అమ్మా, కాస్త తొందరగా కానివ్వండి," అంది. ఆ తర్వాత చాలాసేపు ఏమీ లేదు. మళ్లీ అదే గొంతు, ఈసారి మెల్లగా, "పర్లేదులే తల్లీ, మీరు కానివ్వండి. నాకేం తొందర్లేదు."