పదకొండు కేసులు

ఐలయ్య నోట అబద్ధం రాదని కోకాపేటలో ఎవరినడిగినా చెబుతారు. గట్టు తగాదా వచ్చినా, మేకలు ఎవరి చేలో పడ్డాయో తేలకపోయినా ఐలయ్య ఏమంటే అదే ఖాయం. ఆయన చెప్పాక ఇంకొకరిని అడిగే అలవాటు ఊళ్ళో లేదు. మంచివాడే, కాదనేవాళ్ళు లేరు. కానీ మంచివాళ్ళు కాస్త తక్కువ మాట్లాడితే ఎంత మేలో ఆయన కూతురు సీతాబాయి సంగతి వింటే తెలుస్తుంది.

సీతాబాయికి ఇరవై నాలుగేళ్ళు. పెళ్ళయిన ఏడాదికే భర్త విషజ్వరంతో పోయాడు. తల్లి అంతకుముందే లేదు. పుట్టింటికి తిరిగొచ్చి, మూల కూర్చోమన్న వాళ్ళ మాట చెవిన పెట్టకుండా గండిపేట కట్ట దగ్గరి చిన్న దవాఖానలో చేరింది. అక్కడి నర్సు సిస్టరమ్మకు నీళ్ళు కాచి ఇవ్వడం పని. నీళ్ళు కాచిన పిల్ల రెండేళ్ళు తిరిగేసరికి పురుళ్ళు పోసే పిల్ల అయింది. చేతిలో నిదానం ఉందనేది సిస్టరమ్మ. నేర్పితే వచ్చేది కాదట అది.

సిస్టరమ్మ ప్రతి పురుడునూ 'కేసు' అనేది. "మణికొండ కేసు నువ్వు చూడు సీతా" అని పంపేది. ఆ మాట ఐలయ్యకు తెగ నచ్చేసింది. అప్పటిదాకా ఊళ్ళో ఆ మాట ఎవరూ ఎరగరు. కోర్టుకెక్కితే ముకద్దమా, పోలీసులు పట్టుకుపోతే గిరఫ్తారీ. కేసంటే మాత్రం పురుడు. కల్లు దుకాణంలో కూర్చుని, "మా బిడ్డ నిన్న ఇంకో కేసు చేసింది" అని ఆయన అంటుంటే, ఆ కొత్త మాట నోట్లో బెల్లంలా నానేది.

పోలీసు యాక్షన్ జరిగిన మరుసటి ఎండాకాలం సిస్టరమ్మకు బదిలీ అయింది. పోయేముందు సీతాబాయి చేత పట్నంలోని పెద్దాసుపత్రికి దరఖాస్తు పెట్టించింది. మూడేళ్ళు అక్కడే ఉండి చదివితే నర్సు అవుతుంది. తన కాళ్ళ మీద తాను నిలబడుతుంది. సీతాబాయికి ఇంకే కోరికా లేదు, ఇంకే దారీ లేదు. అయితే ఇరవై అయిదు నిండితే తీసుకోరు. ఆమెకు భాద్రపదంలో నిండుతాయి. పైగా రెండు గండాలు గట్టెక్కాలి. ఒకటి ఒంటి పరీక్ష, రెండోది పోలీసుల విచారణ. అంటురోగం ఉన్నవాళ్ళనూ, నేరాలు చేసినవాళ్ళనూ రోగుల దగ్గరికి రానివ్వరు.

పోలీసుల సంగతి ఆమె లెక్కలోకే తీసుకోలేదు. ఠాణా గడప ఎట్లా ఉంటుందో కూడా తెలియని మనిషికి ఏం భయం? దిగులంతా ఒంటి గురించే. మొగుడి జ్వరం కూర్చుని చూసిన మనిషి కదా, లోపల ఏదైనా మిగిలిందేమోనని నెల రోజులు తిండి సయించలేదు.

పరీక్ష రోజున డాక్టరమ్మ కళ్ళు చూసింది, పళ్ళు చూసింది, టీకా మచ్చ చూసింది. గొట్టం పెట్టి ముందూ వెనకా చాలాసేపు విన్నది. "ఛాతీ భేష్" అని నవ్వింది. ఆ ఒక్క మాట మోసుకుంటూ సీతాబాయి బస్సు దిగిన లంగర్‌హౌజ్ నుంచి ఇంటిదాకా నడిచిందో, ఎగిరిందో ఆమెకే తెలియదు.

ఇంటికొచ్చేసరికి ఐలయ్య కూడా వెలిగిపోతున్నాడు. "పోలీసాయన వచ్చిండె బిడ్డా. కొత్తగ వచ్చిన కోస్తా దిక్కాయన. ఊకె అండి అండి అంటడు, నాకే సిగ్గయింది."

"ఏమడిగిండు నాయినా?"

"నీ పని గురించే అడిగిండు. జర గూడ దాయకుంట మొత్తం చెప్పిన. కాయితం నిండ రాసుకొని నా వేలిముద్ర తీసుకుండు. ఇగ నీకు ఫికరే లేదు."

తండ్రీకూతుళ్ళు ఆ పూట నవ్వుకుంటూ అన్నం తిన్నారు.

ఇరవై రోజులకు రమ్మని కబురొచ్చింది. సీతాబాయి రెండు చీరలు మూట కట్టుకుని పోయింది. ఆసుపత్రిలో మేట్రన్ గుంటూరు వైపు మనిషి. సీతాబాయిని ఎదురుగా నిలబెట్టి, కళ్ళజోడు మీదుగా ఎగాదిగా చూసింది.

"ఒంటి పరీక్షలో నీకంటే గట్టివాళ్ళు లేరమ్మాయ్. మరి ఇదేమిటి?" అంటూ ఒక కాగితం తీసి చదవసాగింది. ఆ పోలీసు అడిగినవీ, ఐలయ్య చెప్పినవీ వరసగా రాసి ఉన్నాయి.

"మీ అమ్మాయి మీద కేసులేమైనా ఉన్నాయా అండి? ఉన్నాయి, పదకొండు కేసులు. ఒంటరిగా చేసిందా? మొదటి రెండూ ఇంకొకావిడతో కలిసి చేసింది, మిగిలిన తొమ్మిదీ ఒక్కతే చేసింది. పగలా, రాత్రా? ఎక్కువ రాత్రిపూటే. మీకు తెలిసే జరిగాయా? నాకు చెప్పకుండా ఒక్కటీ చేయలేదు. ఇకముందు మానుకుంటుందా? ఎందుకు మానుకుంటుంది, ఇంకా పెద్ద పెద్ద కేసులు చేయాలనే కదా పట్నం పోతున్నది. ఇట్లు తండ్రి ఐలయ్య, వేలిముద్ర."

సీతాబాయికి ముందు ఏమీ అర్థం కాలేదు. తర్వాత ఒక్కసారిగా అంతా అర్థమైంది. అక్కడే నేల మీద కూలబడి, ముకద్దమా అంటే ఏమిటో, కేసంటే ఏమిటో, సిస్టరమ్మ ఎవరో, తండ్రి ఎట్లాంటి మనిషో, తడబడుతూ మొత్తం చెప్పింది. మేట్రన్ నవ్వబోయింది. నవ్వు రాలేదు. కళ్ళజోడు తీసి తుడుచుకుంది.

"నీ మాట నేను నమ్ముతున్నాను. కానీ నీ చోటు నిన్ననే ఇంకో అమ్మాయికి ఇచ్చేశారు. ఈ కాగితం దిద్దించాలంటే మూడు సర్కారు కచేరీలు తిరగాలి, రెండు నెలలు పడుతుంది. పాఠాలు రేపే మొదలు. వచ్చే ఏడు రమ్మందామంటే నీకు వయసు దాటిపోతుంది."

"ఒక్కసారి మల్ల అడిగితే ఏం పోయిందమ్మా వాళ్ళకు?"

"కన్నతండ్రే చెప్పాక ఇంకెవరిని అడుగుతారు తల్లీ?"

దారి పొడుగునా సీతాబాయి తండ్రిని తిట్టుకుంటూనే వచ్చింది. ఇంటికి పోగానే ఆ కాగితంలోని ప్రతి ముక్కా ఆయన మొహం మీద అప్పజెప్పాలనుకుంది. నీ నోరే నా గొంతు కోసింది నాయినా, అని అందామనుకుంది. తీరా వాకిట్లో ఐలయ్య కనిపించాడు. ఆమె చేతిలో మూట చూసి ఆయన గబుక్కున లేచాడు. "ఏమైందే బిడ్డా?" అన్నాడు. అంత భయం ఆ మొహంలో ఆమె ఎన్నడూ చూడలేదు. నిజం చెబితే ఈ మనిషి ఇక బతికినన్నాళ్ళూ నోరు విప్పడు.

"ఛాతిల జర నీరసం ఉన్నదట నాయినా. చేర్చుకోలేమన్నరు" అంది.

సీతాబాయి ఆడిన అబద్ధం అదొక్కటే. ప్రేమతో ఆడింది. దాని ఫలితం మాత్రం పగతో ఆడినదానికంటే ఘోరంగా ఉంది.

ఐలయ్య మేకపాలు తెచ్చాడు, గుడ్లు తెచ్చాడు. పొయ్యి పొగ తగలకూడదని వంట తానే మొదలుపెట్టాడు. కట్టెలు ముట్టనివ్వడు, నీళ్ళు తోడనివ్వడు. ఇనుములాంటి మనిషిని మంచంలో కూర్చోబెట్టి గిన్నెతో పాలు పట్టాడు. దారిలో ఎవరైనా "సీత ఎందుకు వాపసొచ్చింది?" అని అడిగితే ఆయనకు దాచడం చేతకాదు కదా, "ఛాతి రోగమట" అని కళ్ళు తుడుచుకున్నాడు. కన్నకూతురికి లేని రోగం అంటగట్టే తండ్రి ఎక్కడైనా ఉంటాడా? ఊరంతా నమ్మింది. పురుడు వస్తే మణికొండ మంత్రసానికి కబురు పోసాగింది. రెండు నెలల్లో మూడు కాన్పులు అట్లాగే ఆమె ఇంటి ముందు నుంచి దాటిపోయాయి.

నాలుగోది పక్కింట్లోనే వచ్చింది. సాయిలు పెళ్ళాం సక్కుబాయికి తొలి చూలు. ఇద్దరి ఇళ్ళకూ నడుమ ఒక్కటే మట్టిగోడ. కడుపు నిలిచినప్పటి నుంచీ ఆ పిల్లకు ధైర్యం చెప్పింది సీతాబాయే. నా చేతుల మీదనే నీ కాన్పు అని మాటిచ్చింది కూడా. ఆ పొద్దున సాయిలు ఆగలేక పరుగున వచ్చాడు.

"కాకా, సక్కుకు నొప్పులొస్తున్నయి. నిన్నటి సంది తెమలుతలేదు. మా అమ్మ వద్దంటున్నది గని నా పానం ఆగుతలేదు. సీతక్కను జర పంపుతవా?"

"వద్దు సాయిలూ. పచ్చి పసిగుడ్డుకు అంటుకుంటే పాపం నాకు తగులుతది" అన్నాడు ఐలయ్య.

సీతాబాయి విసురుగా బయటికొచ్చింది. "నాకే రోగం లేదు. డాక్టరమ్మ ఛాతీ భేష్ అన్నది. నడువు సాయిలూ."

సాయిలు ఆమెను చూశాడు, ఐలయ్యను చూశాడు. ఎవరి మాట నమ్మాలో తేల్చుకోవడానికి అతనికి ఎంతోసేపు పట్టలేదు. తల వంచుకుని మణికొండ దారి పట్టాడు.

"రోగం లేకుంటె మరెందుకు తీసుకోలేదే?" అన్నాడు ఐలయ్య.

ఇక దాచడానికి ఆమెకు ఓపిక లేకపోయింది. చెప్పేసింది. మెల్లగా, ఒక్కో మాటా విడమరిచి చెప్పింది. ఆ పోలీసు అడిగిన కేసు ఏ కేసో అర్థమయ్యేసరికి ఐలయ్య మొహం పాలిపోయింది. లేచి, చెప్పులు కూడా లేకుండా సాయిలు ఇంటికి పోయి తలుపు ముందు నిలబడ్డాడు.

"వదినా, మా బిడ్డకు ఏ రోగం లేదు. తప్పు నాదే. దేవుని మీద ఆన" అన్నాడు.

తలుపు తీసింది సాయిలు తల్లి భాగ్యమ్మ. ఆమెకు ఆయన మీద జాలేసింది. "బిడ్డ బతుకు చెడిపోతదని ఏ తండ్రయినా గట్లనే అంటడు ఐలయ్యా. నిన్న మొన్నటిదాక నువ్వే చెప్తివి గదా" అని మెల్లగా తలుపేసింది.

ఐలయ్య అక్కడే అరుగు మీద కూర్చుండిపోయాడు. మధ్యాహ్నమైంది. మంత్రసాని ఇంకా రాలేదు. గోడ అవతల సక్కుబాయి అరుపు మారింది. ఆ అరుపేమిటో సీతాబాయికి తెలుసు. బిడ్డ దిగే వేళయింది.

"సీతక్కా! సీతక్కను పిలువుండ్రి!"

సీతాబాయి పోయి గోడకు ఆనుకుని నిలబడింది. "ఈడనే ఉన్న సక్కూ. భయపడకు. నోరు మూసి కిందికి గట్టిగ ముక్కు. ఇగ చాలు, ఆపు. జర దమ్ము తీసుకో. భాగ్యమ్మ పెద్దమ్మా, దాని వెనక కూచొని నడుము పట్టుకో. తల కనవడుతున్నదా? ఎవ్వలు గుంజొద్దు, చెయ్యి కింద పెట్టి ఊకె పట్టుకోండ్రి. సక్కూ, నా మాట విను. ఇప్పుడు ముక్కు."

అవతల ఎవరూ కాదనలేదు. గొంతు ఎట్లా చెబితే అట్లా చేశారు. ఆమె చేతులు మాత్రం మట్టిగోడను పట్టుకుని ఉన్నాయి. గోళ్ళలోకి మన్ను దిగింది. కాసేపటికి పసిపిల్ల కేరుమంది. బొడ్డు ఎక్కడ ముడివేయాలో, దేంతో కోయాలో, కత్తిని ఎంతసేపు కాచాలో అన్నీ చెప్పింది సీతాబాయి. ఆడపిల్లట. సక్కుబాయి ఏడుస్తూ నవ్వుతున్నది. గోడ ఇవతల సీతాబాయి కూడా ఏడుస్తూ నవ్వింది. బిడ్డను ఒక్కసారి చూడాలని, ఒక్కసారి ఎత్తుకోవాలని గుండె కొట్టుకుపోయింది. మునివేళ్ళ మీద లేచి గోడ మీదుగా తొంగిచూసింది.

భాగ్యమ్మ పసిపిల్లను గుడ్డలో చుట్టి వాకిట్లోకి తెచ్చింది. గోడ మీద సీతాబాయి మొహం చూడగానే, బిడ్డను గుండెలకు హత్తుకుని రెండడుగులు వెనక్కి వేసింది.

"చల్లగ బతుకు బిడ్డా, నీ మాటతోనే పానాలు నిలబడ్డయి" అంది. మాటలో ప్రేమే ఉంది. "జర గోడ కాడి నుంచి దూరం జరుగమ్మా. గాలి ఇటే వస్తున్నది."

అరుగు మీద ఐలయ్య ఆ మాట విన్నాడు. నోరు తెరిచాడు. ఏమీ అనకుండా మళ్ళీ మూసుకున్నాడు.

సీతాబాయి గోడ దగ్గర నుంచి దూరం జరిగింది.